చిన్న విమానంలో దూర ప్రయాణం – 6: ఫోర్ట్‌వర్త్ నుంచి ఆల్బకర్కీకి, ఎదిగే నేల మీద

గత భాగం చివర ఒక ఏప్రిల్ ఉదయపు వివరాలు ఇచ్చి, సెస్నా 172లో ఎనిమిది గంటలకు బయలుదేరవచ్చా అని అడిగాను. ఫోర్ట్‌వర్త్ మీచమ్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత 19 డిగ్రీలు, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబిందువులుగా మారే ఉష్ణోగ్రత) 12, ఆగ్నేయం నుంచి 12 నాట్ల (గంటకు 12 నాటికల్ మైళ్ల) గాలి, 2,800 అడుగుల దగ్గర బ్రోకెన్ మేఘాలు (ఆకాశంలో సగానికి పైగా కప్పేవి). న్యూమెక్సికోలోని ఆల్బకర్కీలో ఆకాశం నిర్మలం. ఎక్కువమంది రాసిన జవాబు ఒక్కటే: బయలుదేరే చోట మేఘం కాస్త తక్కువగా ఉన్నా నిబంధనలకు లోబడే ఉంది, చేరే చోట ఎండ కాస్తోంది, పడమరకు పోయేకొద్దీ బాగుపడుతుంది కనుక బయలుదేరవచ్చు.

బయలుదేరకూడదు. ఆ జవాబును సరిదిద్దకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు. ఈ భాగంలో ఇంధనం కోసం ఎక్కడ ఆగాలో చెబుతానని మాట ఇచ్చాను, అది వచ్చే భాగానికి జరుపుతున్నాను. ప్రాణాలు తీసే పొరపాటు ఇక్కడే ఉంది.

బరువు లెక్క, గాలిని బట్టి దిశ సవరించుకోవడం, నోటామ్‌లు (పైలట్లకు ఇచ్చే తాజా హెచ్చరికలు) చదవడం మీకు వచ్చు, వాటి జోలికి పోను. ఇంధనం గురించి ఒక్క మాట: పగటి వీఎఫ్ఆర్ (పరికరాల మీద కాక కంటిచూపుతో నడిపే) ప్రయాణానికి 30 నిమిషాల నిల్వ చాలని అమెరికా నిబంధన. నేను గంట నిల్వ కంటే తక్కువతో ఎక్కడా దిగను. వాతావరణం అటూ ఇటూగా ఉన్న రోజున ఆ గంటే మిమ్మల్ని వెనక్కి తీసుకొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. టాఫ్ అనేది విమానాశ్రయం చుట్టూ ఐదు స్టాట్యూట్ మైళ్ల వలయానికి ముందుగా ఇచ్చే వాతావరణ సూచన. ఫోర్ట్‌వర్త్ నుంచి ఆల్బకర్కీకి విచిటాఫాల్స్, చైల్డ్రెస్, అమరిల్లో, టుకుమ్‌కారీల మీదుగా వెళితే 500 నాటికల్ మైళ్లకు (ఒక్కోటి దాదాపు 1.85 కిలోమీటర్లు) కాస్త అటూ ఇటూ. రెండు చివర్ల రెండు వలయాలు చూసి నిర్ణయించారంటే దారిలో దాదాపు మొత్తాన్ని చూడనట్టే. ఇది చాలామంది తర్వాత తామే గ్రహించారు. ఎవరూ పట్టుకోనిది, నన్ను ఏళ్లుగా విసిగిస్తున్నది మరొకటి ఉంది.

టాఫ్‌లో, మెటార్‌లో (విమానాశ్రయంలో అప్పటికి ఉన్న వాతావరణపు నివేదిక) మేఘం ఎత్తును ఆ విమానాశ్రయపు నేల మీది నుంచి చెబుతారు. మీ ఆల్టిమీటరు (ఎత్తు చూపే పరికరం) చూపేది సముద్రమట్టం నుంచి. ఈ వాక్యం పరీక్ష కోసం అందరూ చదివారు, అందరూ సరిగ్గానే గుర్తించారు. కానీ కాగితం మీద 2,800 అని కనబడగానే, ఆ 2,800 దారి పొడవునా తలమీద ఉంటుందని మనసు నమ్మేస్తుంది. టెక్సస్ ఉత్తర భాగం చదునుగా కనిపిస్తుంది కాబట్టి ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. నిజానికి మీచమ్ ఎత్తు 710 అడుగులు, విచిటాఫాల్స్ 1,019, చైల్డ్రెస్ 1,954, అమరిల్లో 3,607. కంటికి వాలు తెలియదు. మూడు గంటల ప్రయాణంలో నేల దాదాపు 2,900 అడుగులు పైకి వచ్చేస్తుంది.

మేఘం అడుగుభాగాన్ని సముద్రమట్టం లెక్కకు మార్చండి: 2,800కు 710 కలిపితే 3,510. అమరిల్లో రన్‌వే 3,607 అడుగుల దగ్గర ఉంది. అంటే ఫోర్ట్‌వర్త్‌లో మీ తలమీద హాయిగా తేలుతున్న మేఘపు పొర అదే ఎత్తున పడమరకు సాగితే, అమరిల్లోలో నేలను తాకుతుంది. అక్కడ దాన్ని పొగమంచు అంటారు.

మేఘం అదే ఎత్తున సాగాలని నియమం ఏమిటని అడుగుతారు. సరైన ప్రశ్న. నియమం లేదు, కానీ ఆ ఉదయం సాగడానికి కారణం ఉంది. అది ఆగ్నేయపు గాలి. మెక్సికో సింధుశాఖ తేమను మోసుకొచ్చే ఆ గాలి వాయవ్యానికి పోతూ నేలతోపాటు పైకి ఎక్కుతుంది. మేఘం పట్టని గాలి ప్రతి 1,000 అడుగులకు సుమారు 3 డిగ్రీలు చల్లబడుతుంది, దాని డ్యూ పాయింట్ మాత్రం అర డిగ్రీయే తగ్గుతుంది. కాబట్టి రెండింటి మధ్య తేడా 1,000 అడుగులకు రెండున్నర డిగ్రీల చొప్పున కరిగిపోతుంది. ఫోర్ట్‌వర్త్‌లో తేడా 19 నుంచి 12 తీసేస్తే 7. ఏడును రెండున్నరతో భాగించండి: 2.8. అంటే ఆ గాలిని 2,800 అడుగులు లేపితే చాలు, తేమ మేఘంగా మారుతుంది. ఫోర్ట్‌వర్త్‌లో మేఘం 2,800 దగ్గర ఉండటానికీ, అమరిల్లోలో నేలను అంటుకోవడానికీ కారణం ఒక్కటే. ఇది అంచనా మాత్రమే. రాత్రి నేల ఎంత చల్లబడింది, పైన పొడిగాలి ఎంత కిందికి దిగింది అన్నదాన్ని బట్టి కొన్ని వందల అడుగులు మారుతుంది. కానీ ఆగ్నేయపు గాలి, ఏడు లేదా అంతకంటే తక్కువ తేడా కలిసి కనబడితే నేను అమరిల్లో మెటార్ తెరవకముందే అక్కడ ఏముంటుందో ఊహిస్తాను.

ఎనిమిదింటికి బయలుదేరిన పైలట్‌కు ఏం జరుగుతుందో చూడండి. మేఘానికి 500 అడుగులు కింద ఉండాలి కాబట్టి ఆల్టిమీటరు 3,000 దాటనివ్వడు. విచిటాఫాల్స్ దగ్గర నేలకు 2,000 అడుగుల పైన ఉంటాడు, బాగానే ఉంది. చైల్డ్రెస్ దగ్గర 1,000 అడుగులు. కింద 287వ నంబరు హైవే కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకుని పోతాడు. 2,700 అడుగుల ఎత్తున ఉన్న క్లారెండన్ దగ్గర కిందికి 300 అడుగులు మిగులుతాయి. ఆ ప్రాంతపు గాలిమరలు 400 అడుగులకు మించి ఎత్తుంటాయి. విమానం ఒక్క అడుగు కూడా కిందికి దిగలేదు, ఆల్టిమీటరు ముల్లు కదలలేదు. అందుకే ప్రమాదం వస్తున్నట్టు అతనికి ఎక్కడా అనిపించదు. ఇక మేఘంలోకి వెళ్లాడా, 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగం గుర్తు చేసుకోండి: పరికరాలు చూసి నడపడంలో శిక్షణ లేని 20 మందిని కృత్రిమంగా ఆ పరిస్థితిలో పెడితే, వారు అదుపు కోల్పోవడానికి పట్టిన సగటు సమయం 178 సెకన్లు.

అందుకే నేను ప్రతి దూర ప్రయాణానికీ గళ్ల కాగితం మీద ఒక బొమ్మ గీస్తాను. తెరమీద కంటే కాగితం మీద గీస్తేనే నాకు బుర్రకెక్కుతుంది. అడ్డంగా దూరం, నిలువుగా సముద్రమట్టం నుంచి ఎత్తు. ముందు నేల గీత. తర్వాత దారిలోని ప్రతి టాఫ్‌లోని మేఘం ఎత్తుకు ఆ ఊరి ఎత్తు కలిపి చుక్క పెట్టి, చుక్కలు కలపాలి. రెండు గీతల మధ్య 2,000 అడుగుల ఖాళీ లేని చోటు ఎక్కడైనా ఉంటే ఆ గంటలో బయలుదేరను. చట్టం అంత అడగదు, నేను అడుగుతాను. తోటి పైలట్లు చెప్పే పైరెప్‌లలో మేఘం ఎత్తు సముద్రమట్టం నుంచే ఉంటుంది, వాటికి మళ్లీ నేల ఎత్తు కలపకండి.

మరి ఆగితే సరిపోతుందా? ఎండెక్కాక పొర విడుతుంది, నిజమే. కానీ వసంతంలో ఈ దారిలో మధ్యాహ్నానికి ఇంకో సమస్య తయారవుతుంది. తేమగాలి, పడమటి ఎడారి పొడిగాలి కలిసే డ్రైలైన్ వెంట పెద్ద ఉరుముల మేఘాలు లేస్తాయి. నార్మన్‌లోని స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ ఇచ్చే పటాన్ని ముందు రాత్రే చూడాలి. పదకొండుకు బయలుదేరి, సగటున 90 నాట్లు పోతూ చైల్డ్రెస్‌లో ఇంధనం పోయించుకుంటే అమరిల్లో చేరేసరికి మూడు కావస్తుంది. పొర విడిపోవడానికీ ఉరుములు మొదలవడానికీ మధ్య దొరికే వ్యవధి అంత ఇరుకు. ఆ ఉదయానికి నా తీర్పు ఇది: పదిన్నరకు అమరిల్లో మెటార్‌లో మేఘం 3,000 అడుగులు దాటి, ఆ పటంలో దారి మీద ఉరుముల గుర్తు లేకపోతేనే వెళతాను. లేదంటే మర్నాడు.

బయలుదేరాక నిర్ణయాలు రెండే చోట్ల: విచిటాఫాల్స్, చైల్డ్రెస్. విచిటాఫాల్స్ దాటేముందు రేడియోలో చైల్డ్రెస్, అమరిల్లో తాజా మెటార్లు అడగండి. అవి ముందు రాత్రి గీసిన గీత కంటే కిందికి దిగి ఉంటే అక్కడే దిగిపోండి. పరిస్థితి ఎలా ఉంటుందో చూద్దామని ఇంకో పది మైళ్లు పోవద్దు. తెరమీద కనిపించే రాడార్ చిత్రాన్ని నమ్మి ఉరుముల మేఘాల మధ్య సందులు వెతకవద్దు. తెరమీద ఒకటి రెండు నిమిషాల కిందటిదని రాసి ఉన్నా, అసలు చిత్రం 15–20 నిమిషాల పాతది కావచ్చని అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లోనే హెచ్చరించింది.

టుకుమ్‌కారీ తర్వాత ఆల్బకర్కీ ముందు 10,678 అడుగుల సాండియా శిఖరం ఉంది. దాని గాలుల సంగతికి ఒక భాగం మొత్తం కావాలి.

అభ్యాసం: వరుసగా ఏడు రోజులు, ప్రతి రాత్రి తొమ్మిదింటికి మీచమ్, విచిటాఫాల్స్, చైల్డ్రెస్, అమరిల్లో, టుకుమ్‌కారీ టాఫ్‌లు తీసి, మర్నాడు ఉదయం 8, 11, మధ్యాహ్నం 2 గంటలకు ఒక్కోదానికి ఒక్కో బొమ్మ గీయండి. టాఫ్‌లోని వేళలు యూటీసీలో (గ్రీనిచ్ కాలమానంలో) ఉంటాయి, వేసవి కాలమానంలో టెక్సస్ దానికి ఐదు గంటలు వెనుక, న్యూమెక్సికో ఆరు. మేఘానికి, నేలకు మధ్య ఖాళీ అతి తక్కువగా ఉన్న చోటు పేరు ప్రతి బొమ్మ కింద రాయండి. మర్నాడు అవే వేళల మెటార్లు తెచ్చి అదే కాగితం మీద ఎర్ర సిరాతో చుక్కలు పెట్టండి. మొత్తం ఇరవై ఒక్క బొమ్మలూ వచ్చే భాగం చదివేటప్పుడు పక్కన ఉండాలి. ఇంధనం కోసం ఎక్కడ ఆగాలో వాటి మీదే గుర్తిస్తాం.