గొర్రెల నట్టల మందు కుక్కకు: ఏ సీసా తెరవాలి, ఏది ముట్టకూడదు

రాయదుర్గంలో నాది పశువుల మందుల అంగడి. వానలు మొదలయ్యాయంటే కాపరులు జీవాలకు నట్టల మందు కోసం వస్తారు. మందంతటికీ తాగించాక సీసా అడుగున కొంత మిగులుతుంది. దాన్ని కాపలా కుక్కకు పోయవచ్చా అని అడగనివాళ్లు అరుదు. ‘సీసా ఒకసారి చూపించు అన్నా’ అంటాను. ఔనో కాదో చెప్పేది దాని మీది చిన్న అక్షరాలే. పైన వేసిన గొర్రె బొమ్మను, రంగును నమ్ముకుంటే ప్రయోజనం లేదు.

మనకు కావలసింది ఫెన్‌బెండజోల్. పనాకర్ పేరుతో చాలామందికి తెలిసిన మందు ఇదే. గొర్రెలకూ కుక్కలకూ కూడా వాడతారు. సీసా మీద అదొక్కటే ఉండాలి. ఐవర్‌మెక్టిన్ కలిపినవి ఉంటాయి, అవి వద్దు. సెలీనియం, కోబాల్ట్ వంటి ఖనిజాలు కలిపినవీ వద్దు. ఫెన్‌బెండజోల్ మోతాదు కుక్కకు గొర్రె కంటే చాలా ఎక్కువ. ఆ లెక్కన పోస్తే దాంతోపాటు సెలీనియం కూడా అన్ని రెట్లు పోతుంది, అది విషం.

అల్బెండజోల్ కుక్కల్లో ఎముక మజ్జను దెబ్బతీసిన సందర్భాలున్నాయి, కాబట్టి పక్కన పెట్టండి. లెవామిసోల్‌కు మేలు చేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య దూరం తక్కువ. ఆక్సీక్లోజనైడ్‌తో కలిపి కార్జపు జలగల కోసం అమ్మే సీసాల్లో అది ఉంటుంది. ఇక క్లోసాంటెల్. మోతాదు మించితే కంటి వెనక పొర పాడై చూపు పోతుంది, గొర్రెకైనా కుక్కకైనా.

అన్నిటికంటే ఎక్కువ వాదన ఐవర్‌మెక్టిన్ మీదే నడుస్తుంది. ‘ఒక చుక్కే కదా’ అంటారు. ఆవులకు వేసే ఒక శాతం ఇంజెక్షన్‌లో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటుంది. గుండె పురుగు రాకుండా కుక్కలకు నెలకోసారి ఇచ్చే మోతాదు కిలోకు 6 మైక్రోగ్రాములు. అంటే 20 కిలోల కుక్కకు 0.12 మిల్లీగ్రాము. ఆ ఇంజెక్షన్‌లో ఇది మిల్లీలీటరులో వందో వంతుకు కాస్త పైన. ఏ సిరంజితో కొలుస్తారు? పైగా కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ వంటి జాతుల్లో ఒక జన్యువు మార్పు వల్ల ఈ మందు మెదడులోకి చేరిపోతుంది. చొంగ కారడం, తూలడం, కనుపాపలు పెద్దవి కావడం, వణుకు, చివరికి స్పృహ తప్పడం. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఎవరైనా ఇప్పటికే పోసి ఉంటే లక్షణాలు కనిపించే దాకా ఆగకుండా, ఆ సీసా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఇంత తంటా పడ్డా బద్దె పురుగుల మీద ఐవర్‌మెక్టిన్ పని చేయదు.

సరైన సీసా దొరికిందనుకుందాం. ముందు కుక్క బరువు తెలియాలి. కళ్లతో అంచనా వేస్తే ప్రతివాడూ తన కుక్కను నాలుగు కిలోలు ఎక్కువే చెబుతాడు. వేరుశెనగ బస్తాలు తూచే కాటా ఊళ్లో ఎక్కడో ఒకచోట ఉంటుంది. కుక్కను ఎత్తుకుని నిలబడి ఒకసారి, మీరొక్కరే ఒకసారి తూగి, తేడా తీసుకోండి.

కుక్కకు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల ఫెన్‌బెండజోల్, రోజుకోసారి, వరసగా మూడు రోజులు. గొర్రెకైతే కిలోకు 5 మిల్లీగ్రాములు, అదీ ఒకే పూట. ఇక్కడే చాలామంది నమ్మరు. గొర్రె నెమరు వేసే జీవి. తాగించిన మందు దాని పెద్ద పొట్టలో నిలిచి కొంచెం కొంచెంగా పేగుల్లోకి దిగుతుంది. కుక్క పేగు పొట్టి, నిలవ ఉంచే పొట్ట లేదు, మందు త్వరగా బయటికి పోతుంది. ఈ మందు పురుగును ఒక్క దెబ్బకు చంపేది కాదు, ఎంతసేపు తగిలి ఉంటే అంత పని చేసేది. అందుకే మూడు రోజులు. రెండు రోజులకు కుక్క హుషారుగా ఉందని ఆపేస్తే పోసిందంతా దండగ.

సీసా మీద ఎంత శాతమో చూసి పదితో హెచ్చవేయండి, మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. పది శాతం మందు అంటే 100. ఇరవై కిలోల కుక్కకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి, అంటే 10 మిల్లీలీటర్లు. అదే రెండున్నర శాతం మందు అయితే 40 మిల్లీలీటర్లు, అంత ఏ కుక్కా తాగదు. అప్పుడు బిళ్ల తీసుకోండి. ఒకటిన్నర గ్రాముల పెద్ద బిళ్ల 30 కిలోల కుక్కకు ఒక రోజు మోతాదు, 15 కిలోలదానికి సగం. నేను మందులు అమ్మేవాడినే, డాక్టరును కాను. మొదటిసారి ఇస్తుంటే, మీరు లెక్క వేసిన కాగితం పశువుల డాక్టరుకు చూపించి మొదలుపెట్టండి. చూడితో ఉన్న కుక్క, నీరసంగా పడి ఉన్న కుక్క అయితే చూపించకుండా అసలు వద్దు.

సీసాను బాగా, అడుగున తెల్లటి ముద్ద కరిగే దాకా కుదపండి. కుదపకపోతే పై నీళ్లు ఒకరికి, అడుగు మందు ఇంకొకరికి పోతుంది. సూది తీసేసిన సిరంజితో కొలవండి. జీవాలకు తాగించే గన్ను కుక్క నోట్లో పెట్టకండి. మందు ఊపిరితిత్తుల్లోకి పోతే నట్టల కంటే పెద్ద కష్టం. పస్తు ఉంచనక్కర్లేదు, తిండితో ఇస్తేనే ఈ మందు బాగా ఒంటబడుతుంది. మా వైపు సులువైన దారి రాగిసంగటి. చిన్న ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి, మందు పోసి మూసి, పైన కాస్త మాంసం పులుసు రాస్తే కుక్క నమలకుండానే మింగేస్తుంది. మిగతా తిండి ఆ తర్వాతే పెట్టండి.

ఏలిక పాములు, కొంకి పురుగులు దీనికి లొంగుతాయి. రెండు మూడు వారాలకు మళ్లీ ఒక విడత ఇవ్వాలి, ఒంట్లో దాగిన పిల్ల పురుగులు అప్పటికి పేగులోకి చేరతాయి. తోక కింద దోస గింజల్లా తెల్లటివి అంటుకుని కదులుతుంటే అవి బద్దె పురుగు ముక్కలు. వాటిలో అందరూ చూసే రకానికి ఫెన్‌బెండజోల్ చాలదు, ప్రాజిక్వాంటెల్ కావాలి. కిలోకు 5 మిల్లీగ్రాములు, అంటే పది కిలోలకు 50 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి. కుక్కల మందులు అమ్మే అంగడిలోనే తీసుకోండి.

మంద వెంట తిరిగే కుక్కకు ఇది మరీ ముఖ్యం. చచ్చిన గొర్రె కార్జంలోని నీటి తిత్తులు తిన్న కుక్క పేగులో కంటికి ఆనని బద్దె పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు గొర్రెకూ మనిషికీ చేరి కార్జంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు కడతాయి. గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరిగే జబ్బు కూడా కుక్క బద్దె పురుగు నుంచే వస్తుంది. అలాంటి కుక్కకు ఆరు వారాలకోసారి ప్రాజిక్వాంటెల్ ఇచ్చి, ఒకటి రెండు రోజులు కట్టేసి, దాని మలాన్ని గుంట తీసి పూడ్చండి. పురుగు చచ్చినా గుడ్లు చావవు. కోసిన జీవం కార్జం, పేగులు పచ్చివి కుక్కకు వేయకండి.

కుక్కపిల్లలకు తల్లి కడుపులోనే ఏలిక పాములు, పాలతో కొంకి పురుగులు వస్తాయి. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాల వయసులో మందు పడాలి. కిలో బరువుండే పిల్లకు పది శాతం మందు అర మిల్లీలీటరే. అంత చిన్న కొలత చేతకాకపోతే పిల్లల కోసం అమ్మే పైరాంటెల్ సిరప్ మేలు.

చిగుళ్లు పాలిపోయిన ప్రతి కుక్కకూ నట్టలే ఉండవు. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలోనూ అలాగే ఉంటుంది. పిల్ల వాంతులు చేసుకుంటూ నీచువాసనతో నెత్తురు విరేచనాలు చేసుకుంటే అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. నట్టల మందు సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా సంచార వైద్యశాల కోసం 1962కు ఫోను చేయండి.