కాన్పుకు ముందే తేల్చుకోవలసిన విషయాలు

కాన్పు ఎవరికి సాఫీగా జరుగుతుందో, ఎవరికి మధ్యలో అడ్డం తిరుగుతుందో ముందుగా కచ్చితంగా చెప్పగలిగే పరీక్ష ఏదీ లేదు. రక్తహీనత, అధిక రక్తపోటు, మధుమేహం, గతంలో జరిగిన సిజేరియన్, కడుపులో కవలలు ఉండటం వంటివి ముప్పును పెంచే మాట నిజమే. అయితే ప్రసవమయ్యాక తీవ్ర రక్తస్రావానికి లోనయ్యే స్త్రీలలో చాలామందికి అంతకుముందు అలాంటి కారణమేదీ కనిపించి ఉండదు. కాబట్టి ‘మొదటి కాన్పు సుఖంగానే అయింది కదా’ అన్న ధీమాతో రెండో కాన్పుకు ఏర్పాట్లు తగ్గించుకోవడం సరికాదు.

ప్రసూతి మరణాలకు దారితీసే ఆలస్యాలను సెరీన్ థడియస్, డెబొరా మెయిన్ అనే పరిశోధకులు 1994లో మూడుగా విభజించి చూపారు. వైద్యసాయం కోరాలని నిర్ణయించుకోవడంలో జరిగే ఆలస్యం మొదటిది, ఆసుపత్రికి చేరడంలో జరిగేది రెండోది, చేరాక తగిన చికిత్స అందడంలో జరిగేది మూడోది. వీటిలో మొదటి రెండింటిని కుటుంబం చాలావరకు తన చేతుల్లోకి తీసుకోగలదు. మూడోదాని విషయంలో కూడా ఆసుపత్రిని ముందుగా ఎంచుకోవడం ద్వారా కొంత జాగ్రత్తపడవచ్చు.

సన్నాహం వైద్య పరీక్షలతోనే మొదలవుతుంది. గర్భం దాల్చిన 12 వారాలలోపే మొదటిసారి వైద్య సిబ్బందిని కలవాలనీ, ప్రసవంలోగా మొత్తం కనీసం ఎనిమిదిసార్లు కలవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. వెళ్లిన ప్రతిసారీ బీపీ చూపించుకోవాలి. చెప్పిన సమయాల్లో రక్త, మూత్ర పరీక్షలు చేయించుకోవాలి. హిమోగ్లోబిన్ 11 గ్రాములకన్నా తక్కువగా ఉంటే, దాన్ని కాన్పులోగా పెంచుకోవడం అత్యవసరం. రక్తహీనత ఉన్న స్త్రీ శరీరం మామూలు రక్తస్రావాన్ని సైతం తట్టుకోలేకపోవచ్చు. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగటివ్ (ఓ నెగటివ్, ఏ నెగటివ్ వంటి గ్రూపు) అయితే, సాధారణంగా 28వ వారంలోనూ, బిడ్డ రక్తం పాజిటివ్ అని తేలితే ప్రసవమైన 72 గంటలలోపూ యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు; తల్లి శరీరం బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా పనిచేయకుండా ఆపేది ఇదే. ఈ సంగతిని గుర్తుంచుకుని అడిగే బాధ్యతను ఇంట్లో ఒకరు తీసుకోవడం మంచిది. మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కప్పి ఉందా, బిడ్డ తల కిందికి ఉందా, ఎదురుకాళ్లతో ఉందా అన్నవి చివరి నెలల్లో తప్పక తెలుసుకోవలసిన ప్రశ్నలు. ఎక్కడ, ఏ పద్ధతిలో ప్రసవం జరగాలన్నది చాలావరకు వీటి జవాబులపైనే ఆధారపడుతుంది.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు గదులెలా ఉన్నాయన్న దానికన్నా ముందు మరికొన్ని విషయాలు అడగాలి. రాత్రివేళ సిజేరియన్ చేయగల వైద్యులు, మత్తుమందు ఇచ్చే వైద్యులు అందుబాటులో ఉంటారా? రక్తం ఎక్కించే వీలుందా? నెలలు నిండని శిశువును చూసుకునే ఏర్పాటు ఉందా? లేకపోతే ఏ పెద్ద ఆసుపత్రికి పంపుతారు, అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? ఇలా అడగడానికి మొహమాటపడే కుటుంబాలే ఎక్కువ, కాని ఈ ప్రశ్నలకు విసుక్కునే ఆసుపత్రి గురించి మరోసారి ఆలోచించుకోవడమే మేలు.

ప్రసవ తేదీని చివరి బహిష్టు మొదటి రోజునుంచి 280 రోజులుగా లెక్కిస్తారు. సరిగ్గా ఆ రోజునే పుట్టే పిల్లలు బహు కొద్దిమంది. 37 వారాలు నిండినప్పటినుంచి ఏ రోజైనా కాన్పు కావచ్చు, అంతకుముందే నొప్పులు వచ్చే అవకాశమూ ఉంది. అందుచేత ఏర్పాట్లన్నీ ఎనిమిదో నెల ముగిసేలోగా పూర్తికావాలి. వాహనం ఎవరిది, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, ఆ వాహనం దొరకకపోతే రెండో మార్గం ఏది అన్నవి పేర్లతో, నంబర్లతో కాగితంపై రాసి అందరికీ కనిపించేచోట ఉంచాలి. ఆపత్సమయంలో కావలసిన డబ్బును విడిగా దాచాలి. అవసరమైతే రక్తం ఇవ్వగల ఇద్దరు ముగ్గురితో ముందే మాట్లాడి ఉంచుకోవాలి. ఇంట్లో పెద్ద పిల్లలుంటే వారిని ఆ సమయంలో ఎవరు చూసుకుంటారో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది నిర్ణయం ఎవరు తీసుకుంటారన్నది. ఇంటి పెద్ద ఊళ్లో లేరనో, భర్త ఫోన్ ఎత్తలేదనో ఎదురుచూస్తూ గంటలు గడిచిపోవడం ఎన్నో కుటుంబాలలో జరుగుతుంది. ప్రమాద లక్షణం కనిపించిన వెంటనే, మరెవరి అనుమతి కోసమూ ఆగకుండా గర్భిణి ఆసుపత్రికి బయలుదేరవచ్చునన్న మాట కుటుంబమంతా కూర్చుని ముందే అనుకోవాలి. కాన్పు సమయంలో ఆమె పక్కన ఎవరుండాలన్నది కూడా ఆమె ఇష్టానికే వదిలేయాలి.

సంచిలో పెట్టుకునే వస్తువుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తల్లికీ బిడ్డకీ శుభ్రమైన మెత్తని బట్టలు, ప్యాడ్లు, వాడుతున్న మందులు చాలు. పరీక్షల రిపోర్టులు, స్కానింగ్ కాగితాలు, బ్లడ్ గ్రూప్ వివరం మాత్రం మరచిపోకూడదు. కొత్త వైద్యులకు ఆమె పరిస్థితిని నిమిషాల్లో తెలియజేసేవి అవే.

వెంటనే బయలుదేరవలసిన లక్షణాలు

గర్భంతో ఉన్నప్పుడు రక్తస్రావం ఎంత కొద్దిగా కనిపించినా వైద్యులకు చెప్పాలి. చివరి నెలల్లో నొప్పి లేకుండా ఎర్రని రక్తం పోతుంటే మాయ కిందికి ఉండి ఉండవచ్చు. పొట్ట రాయిలా గట్టిపడి ఆగని నొప్పి ఉంటే మాయ ముందుగానే విడిపోతూ ఉండవచ్చు. రెండూ అత్యవసర పరిస్థితులే.

20 వారాల తర్వాత బీపీ 140/90కి చేరితే వైద్యుల పర్యవేక్షణ అవసరమవుతుంది. 160/110 దాటితే తక్షణ చికిత్స కావాలి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, ముఖమూ చేతులూ హఠాత్తుగా వాయడం, పక్కటెముకల కింద నొప్పి దీని సూచనలు. ఈ చివరి లక్షణాన్ని గ్యాస్ నొప్పిగా భావించి మాత్ర వేసుకుని పడుకోవడం తరచుగా జరిగే పొరపాటు. పరిస్థితి ముదిరితే ఫిట్స్ వస్తాయి. అప్పుడు ఆమెను ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, క్షణం ఆలస్యం చేయకుండా తరలించాలి.

బిడ్డ కదలికలు తగ్గాయని తల్లికి అనిపిస్తే మర్నాటిదాకా ఆగకూడదు. నెలలు నిండేకొద్దీ చోటు చాలక బిడ్డ కదలడం తగ్గుతుందన్నది అపోహ మాత్రమే. కదలికల తీరు మారవచ్చునేమో గాని, చివరివరకూ అవి తెలుస్తూనే ఉండాలి.

ఉమ్మనీరు పోతే, నొప్పులు లేకపోయినా బయలుదేరాలి. ఏ సమయానికి పోయిందో, ఏ రంగులో ఉందో గుర్తుపెట్టుకోవాలి. ఆకుపచ్చగా ఉంటే బిడ్డ కడుపులోనే మలవిసర్జన చేసిందని అర్థం; దుర్వాసన వస్తే ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. 37 వారాలకన్నా ముందే పోయినా, నొప్పులు మొదలైనా తొందరగా చేరడం మరింత అవసరం. మరీ ముందుగా వచ్చే కాన్పులలో బిడ్డ ఊపిరితిత్తులు బలపడటానికి తల్లికి ఇచ్చే ఇంజెక్షన్లు పనిచేయడానికి కొంత వ్యవధి కావాలి. నీటితోపాటు బొడ్డుతాడు బయటకు జారినట్లు కనిపిస్తే, దాన్ని లోపలికి నెట్టే ప్రయత్నం చేయకుండా, తల్లిని మోకాళ్లపై వంచి, తల, ఛాతీ కిందికీ నడుము పైకీ ఉండేలా ఉంచి అత్యవసర సాయం పిలవాలి. జ్వరం, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం కూడా ఆగకూడని లక్షణాలే.

ఇక అసలు నొప్పుల విషయం. దొంగనొప్పులు క్రమం లేకుండా వచ్చి, కాసేపు విశ్రాంతి తీసుకుంటే సద్దుమణుగుతాయి. నిజమైన నొప్పులు విశ్రాంతికి లొంగకుండా, రానురాను దగ్గరవుతూ, తీవ్రమవుతూ వస్తాయి. తొలి కాన్పుకు సిద్ధమవుతూ, ఏ ఇబ్బందీ లేనివారికి, సుమారు ఐదు నిమిషాలకొకసారి, ఒక్కొక్కటి నిమిషంపాటు ఉండే నొప్పులు గంటసేపు కొనసాగితే బయలుదేరమని సాధారణంగా చెబుతారు. ఇంతకుముందు కాన్పు అయినవారూ, ఆసుపత్రికి దూరంగా ఉన్నవారూ, సిజేరియన్ అయినవారూ అంతవరకు వేచి ఉండకూడదు; ఎప్పుడు రావాలో తమ వైద్యులను ముందే అడిగి ఉంచుకోవాలి.

బిడ్డ పుట్టిన తర్వాత

బిడ్డ బయటపడగానే ప్రమాదం తీరిపోయినట్లు భావించి ఇంటివారు నింపాదిగా ఉండిపోతారు. నిజానికి తొలి 24 గంటలే తల్లికి అత్యంత కీలకం. గర్భాశయం ముడుచుకోకపోతే రక్తస్రావం ఆగదు. దాన్ని నివారించడానికి బిడ్డ పుట్టిన వెంటనే, గర్భాశయం ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ అనే మందు ఇవ్వడం మంచి పద్ధతి. అంతా సవ్యంగా ఉన్నా కనీసం ఒక రోజు ఆసుపత్రిలోనే ఉండాలి. బిడ్డను ఆరబెట్టి తల్లి గుండెలపై ఆనించి, గంటలోపే పాలు పట్టడం మొదలుపెట్టాలి. స్నానం 24 గంటల తర్వాత చేయించవచ్చు.

ఇంటికి వచ్చాక గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడుతున్నా, ఛాతీలో నొప్పి వచ్చినా వెనక్కి తీసుకెళ్లాలి. కాన్పు తర్వాత ఆరు వారాలవరకు బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చు గనుక, తీవ్రమైన తలనొప్పిని నిద్రలేమిగా కొట్టిపారేయకూడదు. బిడ్డ పాలు తాగకపోయినా, నిమిషానికి 60కి మించి ఊపిరి తీస్తున్నా, ఒళ్లు కాలిపోతున్నా లేక చల్లబడినా, మొదటి 24 గంటల్లోనే కామెర్లతో ఒళ్లు పసుపుపచ్చగా మారినా ఆలస్యం చేయకూడదు. మొదటి కొద్దిరోజుల్లో తల్లికి ఏడుపు రావడం, చిరాకు కలగడం మామూలే. అది రెండు వారాలు దాటినా తగ్గకపోతే వైద్యులకు చెప్పాలి. తనకు గాని, బిడ్డకు గాని హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తోందని ఆమె చెబితే అదే రోజు తీసుకెళ్లాలి, ఆమెను ఒంటరిగా వదలకూడదు.