వ్యాయామ యాప్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పండి

పాతబస్తీ తాలీంలో (కుస్తీ వ్యాయామశాలలో) ఉస్తాదు శిష్యుడి ఎదుటే నిలబడి, అతడి ఊపిరిని, మోకాళ్ల వణుకును చూసి, ఇంకో పది బస్కీలు తీయించాలా, చాలించమనాలా అన్నది నిర్ణయిస్తాడు. ఫోన్‌లోని యాప్‌కు ఆ చూపు లేదు. మనం నింపే అంకెలే దానికి ఆధారం కనుక, వాటిని నింపడంలోనే అసలు జాగ్రత్త అవసరం.

ముందుగా, మీకు నిజంగా దొరికే సమయాన్నే రాయండి. మాదాపూర్‌లో పని ముగించుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదయ్యే ఉద్యోగి ‘వారానికి 6 రోజులు’ అని ఎంచుకుంటే, యాప్ సాధారణంగా ఒక రోజు ఛాతీకి, ఒక రోజు వీపుకు, ఒక రోజు కాళ్లకు అంటూ పనిని పంచేస్తుంది. రెండు రోజులు తప్పితే ఆ వారం కాళ్ల వంతు రాకుండానే పోవచ్చు. అదే 3 రోజులు అని చెబితే, ప్రతిసారీ ఒళ్లంతటికీ పని పడేలా కూర్చే అవకాశం ఎక్కువ. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కేబీఆర్ పార్కులో మీరు చేసే చురుకైన నడకనూ కలుపుకొని ఆ లెక్క సరిచూసుకోండి.

ఇంట్లో ఉన్నది 5 కిలోల డంబెళ్ల జత ఒక్కటే అయితే అదే రాయండి. పాత మోకాలి నొప్పిని దాచకండి. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు ముందుగా డాక్టరును అడగాలి.

ఇక ప్రతి సెట్ (ఆగకుండా వరుసగా చేసే ఒక విడత) తరువాత చేసే నమోదు అన్నిటికన్నా ముఖ్యం. 40 కిలోల బరువుతో మూడు సెట్లలో 8, 8, 6 సార్లు స్క్వాట్ (బస్కీ) చేశారనుకుందాం. చివరి రెండూ కుదరలేదన్న చిన్నతనంతో 8, 8, 8 అని రాస్తే, యాప్ దాన్ని నమ్మి తదుపరిసారి 42.5 కిలోలు ఎత్తమంటుంది. నడుము వంగిపోయేది అక్కడే. శ్రమను 1 నుంచి 10 వరకు గుర్తించమని అడిగితే, ఇంకో రెండు సార్లు చేయగలిగే ఓపిక మిగిలితే 8 అని, ఏమీ మిగలకపోతే 10 అని వేయండి.

మే నెల ఎండలో అదే వేగంతో నడిచినా గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. స్మార్ట్‌వాచ్ దాన్ని చూసి మీ దారుఢ్యం తగ్గిందని లెక్కగట్టవచ్చు. దిగులుపడకుండా, తెల్లవారుజామున నడిచిన రోజుల అంకెలనే పోల్చి చూసుకోండి.

కండరం మంట సహజమే. కీలులో పోటు పుడితే మాత్రం అక్కడే ఆపి, యాప్‌లో ఆ వ్యాయామాన్ని మార్చండి. ఎందుకు మార్చారో కూడా రాసిపెట్టండి.