పిల్లి మలంలో వైరస్ ఉందని రిపోర్టు వచ్చిందా?

సమస్య: పిల్లి తింటోంది, ఆడుకుంటోంది. మలం కాస్త పల్చగా ఉందని పరీక్ష చేయిస్తే కరోనా వైరస్ పాజిటివ్ అని వచ్చింది.

కారణం: టెన్షన్ పడకండి, ఇది కోవిడ్ వైరస్ కాదు. పిల్లుల పేగుల్లో ఉండే వేరే రకం. ఎక్కువ పిల్లులున్న ఇళ్లలో మలవిసర్జనకు ఒకే ట్రే వాడటం వల్ల చాలావాటికి అంటుతుంది, వాటిలో ఎక్కువ భాగానికి ఏమీ కాదు. ఆస్ట్రోవైరస్, నోరోవైరస్ కూడా విరేచనాలున్న పిల్లుల్లోనూ, ఏ జబ్బూ లేనివాటిలోనూ దొరుకుతాయి. కాబట్టి వైరస్ కనబడినంత మాత్రాన విరేచనాలకు అదే కారణమని తేల్చలేం.

పరిష్కారం: ముందు నులిపురుగులు, జియార్డియా అనే పేగు పరాన్నజీవి ఉన్నాయేమో చూపించండి. ఈమధ్య తిండి మార్చారా? పాలు పోస్తున్నారా? పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. ఎన్ని పిల్లులుంటే అన్ని ట్రేలు, పైన ఇంకొకటి పెట్టండి.

సమస్య: టీకా పడని పిల్లి కూన. నిన్నటిదాకా గంతులేసింది. ఇవాళ నీళ్ల గిన్నె మీదకు తల వాల్చి కూర్చుంది, తాగడం లేదు. వాంతులు, ఆ వెనకే విరేచనాలు.

కారణం: ఇక్కడ మాత్రం భయపడాల్సిందే. పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు కావచ్చు. దీన్ని తెచ్చే పార్వో వైరస్ పేగు పొరనూ ఎముక మజ్జనూ దెబ్బతీస్తుంది. తెల్ల రక్తకణాలు పడిపోతాయి, పేగుల్లోని బ్యాక్టీరియా రక్తంలోకి చేరుతుంది.

పరిష్కారం: రేపటిదాకా ఆగకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. మల పరీక్షతోపాటు తెల్ల రక్తకణాల లెక్క కూడా అడగండి. జబ్బున్నా మల పరీక్షలో నెగెటివ్ రావచ్చు, ఈమధ్యే టీకా వేయించి ఉంటే ఉత్తపుణ్యానికి పాజిటివ్ రావచ్చు. సెలైన్, వాంతులు తగ్గే మందు, యాంటీబయాటిక్‌తో పిల్లను నిలబెడతారు. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు, రక్తంలో చేరే బ్యాక్టీరియా కోసం ఇస్తారు. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రం చిన్న ముక్క కూడా వేయకండి, పిల్లులకు అది విషం.

ఈ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతకగలదు, స్పిరిట్ ఉన్న శానిటైజర్‌కు చావదు. నేలనూ ట్రేనూ కడిగాక లీటరు నీళ్లకు 30 మి.లీ. బ్లీచ్ ద్రావణం కలిపి తుడిచి, 10 నిమిషాలు ఆగి, మంచినీళ్లతో కడగండి. ఫినాయిల్ వద్దు, అది పిల్లులకు హాని.

సమస్య: జ్వరం వదలదు, బరువు తగ్గుతోంది, పొట్ట మాత్రం ఉబ్బుతోంది.

కారణం, పరిష్కారం: పేగుల్లోని అదే కరోనా వైరస్ కొద్ది పిల్లుల్లో రూపం మారి ఎఫ్‌ఐపీ అనే తీవ్రమైన జబ్బు తెస్తుంది. పొట్టలోని నీరు తీసి పరీక్షిస్తారు. ఒకప్పుడు ఆశ వదులుకునేవాళ్లు. ఇప్పుడు జీఎస్-441524 మందుతో చాలా పిల్లులు కోలుకుంటున్నాయి, డాక్టరు పర్యవేక్షణలో సాధారణంగా 12 వారాలు వాడతారు.

పాన్‌ల్యూకోపీనియా టీకా 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, 3-4 వారాలకోసారి, కనీసం 16 వారాలు నిండేదాకా వేయించాలి. ఆ జబ్బు వచ్చిన ఇంటికి టీకాలు పూర్తికాని పిల్లను తేవద్దు.