యుద్ధం మీద రాసిన సానెట్‌ను ఎలా చదవాలి?

సానెట్ అంటే పద్నాలుగు పాదాల కవిత. ఇటలీలో పుట్టింది, ఎక్కువగా ప్రేమ కవితగా పేరు తెచ్చుకుంది. అంత నాజూకైన రూపంలోకి ఫిరంగుల మోత వస్తే ఏమవుతుందో చూడాలంటే మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఇంగ్లిష్ కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ 1917లో రాసిన ‘ఆంథమ్ ఫర్ డూమ్డ్ యూత్’ (చావు రాసిపెట్టి ఉన్న యువతకు గీతం) చదవాలి. అప్పుడతనికి 24 ఏళ్లు. షెల్ షాక్‌తో, అంటే యుద్ధం వల్ల మనసు చెదిరి, ఎడిన్‌బరోలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ సైనిక ఆసుపత్రిలో ఉన్నాడు. కవిత నెట్‌లో సులభంగా దొరుకుతుంది. ఎదురుగా పెట్టుకుని, ఒక పెన్సిల్ కూడా తీసుకోండి.

1. ముందు అంత్యప్రాసలు గుర్తించండి

ఒకేలా ముగిసే పాదాలకు ఒకే అక్షరం వేయండి. క-చ-క-చ, ట-త-ట-త, ప-య-య-ప, ల-ల అని వస్తుంది. మొదటి ఎనిమిది పాదాల ప్రాస, చివరి జంట పాదాలు షేక్‌స్పియర్ పద్ధతి. ఎనిమిది, ఆరుగా విడిపోవడం ఇటలీ పద్ధతి. ఓవెన్ రెండింటినీ కలిపాడు.

2. ఎనిమిదో పాదం తర్వాత ఆగండి

ఇక్కడ కవిత మలుపు తిరుగుతుంది. ఈ మలుపును వోల్టా అంటారు. సీసపద్యం తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. సీస పాదాలు ఊపుగా సాగి, ఎత్తుగీతి దగ్గరికి రాగానే నడక మారడం మనం వింటూనే ఉంటాం.

మలుపుకు ముందు ఏముంది, తర్వాత ఏముంది అని రెండు వరుసల్లో రాసుకోండి. ముందంతా యుద్ధభూమి, అంతా చప్పుడే. పశువుల్లా చచ్చిపోయే ఈ కుర్రాళ్ల కోసం ఏ గంటలు మోగుతాయి అని కవి అడుగుతాడు. చర్చి గంటల బదులు ఫిరంగులు, ప్రార్థనల బదులు తుపాకులు, పాటబృందం బదులు ఏడుస్తూ దూసుకొచ్చే షెల్స్, అంటే ఫిరంగి గుళ్లు. ఎనిమిదో పాదంలో బ్యూగిల్ అనే సైనిక బాకా ఊదేది మాత్రం ఇంగ్లండ్ పల్లెల్లో. ఆ ఒక్క పాదం మనల్ని యుద్ధభూమి నుంచి ఇంటికి తీసుకొస్తుంది.

తర్వాతి ఆరు పాదాల్లో దాదాపు శబ్దమే లేదు. ఏ కొవ్వొత్తులు వెలిగిస్తాం అన్నది రెండో ప్రశ్న. వెలుగు కుర్రాళ్ల చేతుల్లో ఉండదు, వాళ్ల కళ్లలో ఉంటుంది. అమ్మాయిల పాలిపోయిన నుదురే శవపేటిక మీద కప్పే వస్త్రం.

3. ఇప్పుడు పైకి చదవండి

దీనికి కొంచెం ఎక్కువ సమయం ఇవ్వండి. కళ్లతో చదివితే అసలు విషయం అందదు. ఈ ఛందస్సులో పాదానికి పది అక్షరాలు, తేలిక-బరువు, తేలిక-బరువు అన్న నడక. కానీ మొదటి పాదమే ‘క్యాటిల్’ (పశువులు) అన్న మాట దగ్గర ఒక అక్షరం ఎక్కువై పొంగిపోతుంది. మూడో పాదంలో ‘రైఫిల్స్’, ‘ర్యాపిడ్’, ‘ర్యాటిల్’ వరసగా పడతాయి. మన అనుప్రాస లాంటిదే, కాకపోతే ఇక్కడ అది తుపాకీ చప్పుడు చేస్తోంది. తుపాకీని ఛందస్సులోకి రానిచ్చాడు, అది ఛందస్సును కుదుపుతోంది, అయినా పాదం తెగిపోలేదు. యుద్ధానికీ కళకూ మధ్య ఉన్న టెన్షన్ అంటే నాకు అర్థమైంది ఇదే.

‘గన్స్’కు ప్రాసగా వచ్చిన మాట ‘ఆరిజన్స్’, అంటే ప్రార్థనలు. ఆ జంట దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

4. పక్కన ఇంకో సానెట్ పెట్టండి

ఇంకో ఇంగ్లిష్ కవి రూపర్ట్ బ్రూక్ 1914లో రాసిన ‘ది సోల్జర్’ తీసుకోండి. అదీ పద్నాలుగు పాదాలే, అదీ సైనికుడి చావు గురించే. ఇంగ్లండ్, ఇంగ్లిష్ అన్న మాటలు కలిపి ఆరుసార్లు వస్తాయి. ఎక్కడా కుదుపు లేదు, మలుపు కూడా మెత్తగానే జరిగిపోతుంది. యుద్ధం ఆ రూపాన్ని ముట్టుకోనే లేదు. అందమైన కవితే, కానీ అందులో చావు నొప్పి తెలియదు.

5. చివరి పాదాన్ని అనుమానించండి

ఇంట్లో ఎవరైనా పోతే కిటికీ తెరలు దించడం అప్పట్లో ఇంగ్లండ్‌లో ఆచారం. ఓవెన్ కవిత ఆ తెరలతోనే ముగుస్తుంది. ఇంత అందంగా ముగిస్తే ఫిరంగులను మరిచిపోమా, కళ యుద్ధాన్ని మెత్తబరచడం లేదా అని మీరు తప్పకుండా అడగాలి. నేను చాలాకాలం దాన్ని ఓదార్పుగానే చదివాను. తర్వాత చివరి పాదంలో ‘ఈచ్’ (ప్రతి) అన్న చిన్న మాట కనబడింది. తెరలు దించేది ఒక్కరోజు కాదు, ప్రతి సాయంత్రం.

తన విషయం యుద్ధమనీ, యుద్ధంలోని జాలి అనీ, కవిత్వం గురించి తనకు పట్టింపు లేదనీ ఓవెన్ తన కవితల కోసం రాసుకున్న ముందుమాటలో అన్నాడు. ఆ మనిషే ఈ పద్నాలుగు పాదాలను మళ్లీ మళ్లీ కొట్టేసి దిద్దాడు. అదే ఆసుపత్రిలో ఉన్న కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్ సాయం చేశాడు. శీర్షికలో ‘ఆంథమ్’ అన్న మాట అతను ఇచ్చిందే.

ఓవెన్ 1918 నవంబర్ 4న ఫ్రాన్స్‌లో, ఒక కాలువ దాటే పోరులో చనిపోయాడు. నవంబర్ 11న, యుద్ధం ఆగిన రోజున, వాళ్లమ్మకు టెలిగ్రామ్ అందింది. ఇది తెలిశాక మొదటి పాదానికి వెళ్లి, గంటల గురించిన ఆ ప్రశ్నను ఇంకోసారి పైకి చదవండి.