తక్కువ ఖర్చులో సస్పెన్షన్, 3వ పాఠం: ముందు షాకర్లు, తర్వాతే స్ప్రింగులు

గత పాఠంలో ఇచ్చిన పని చేశారా? నాలుగు చక్రాల దగ్గరా హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైనున్న బాడీ రేకు) అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఇవాళ దానితో పని ఉంది. నేల నుంచి కొలిస్తే టైరు అరిగినా, గాలి తగ్గినా అంకె మారిపోతుంది. హబ్ నుంచి కొలిస్తే మారదు.

టైర్లు, బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు), లింక్ రాడ్‌లు, అలైన్‌మెంట్ మొదటి రెండు పాఠాల్లో చూశాం. అవి ఇంకా పూర్తి కాకపోతే ఈ పాఠం చదవండి గానీ, కొనడం మాత్రం ఆపండి. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే చెయ్యి) బుష్ చిరిగిపోయి ఉంటే ఎంత మంచి షాకర్ వేసినా చక్రం తన చోట నిలబడదు.

ఇక అసలు విషయం. స్ప్రింగ్ కారు బరువును మోస్తుంది. గుంతలో పడినప్పుడు నొక్కుకుని, మళ్లీ పైకి లేస్తుంది. షాకర్ లేకపోతే అలా లేస్తూ పడుతూనే ఉంటుంది. ఆ ఊపును పట్టి ఆపడమే షాకర్ పని. మలుపులో కారు మీద నమ్మకం కలిగించేది ఎక్కువగా ఈ పట్టే. కానీ సస్పెన్షన్ అనగానే మనవాళ్లు ముందు అడిగే ప్రశ్న 'కారు ఎత్తు ఎన్ని ఇంచులు దించొచ్చు?' అని. తక్కువ బడ్జెట్ ఉన్నవాళ్ల డబ్బు పోయేది అక్కడే.

చిన్న లెక్క చూడండి. ఒక చక్రం మీద స్ప్రింగ్ మోసే బరువు 300 కిలోలు, ఆ చక్రం దగ్గర స్ప్రింగ్ గట్టిదనం మిల్లీమీటరుకు 20 న్యూటన్లు అనుకుందాం. అప్పుడు కారు సహజంగా సెకనుకు 1.3 సార్లు ఊగుతుంది. మామూలు కార్లు ఒకటి నుంచి ఒకటిన్నర మధ్య ఉంటాయి. ఇప్పుడు 30 శాతం గట్టి స్ప్రింగ్ వేస్తే ఆ ఊపు దాదాపు 1.5 అవుతుంది. స్పోర్టీగా ఉంటుంది, నిజమే. కానీ పాత షాకర్ పాత స్ప్రింగ్‌కే సరిపోయేలా తయారైంది. కొత్త స్ప్రింగ్ మీద దాని పట్టు దాదాపు 12 శాతం తగ్గుతుంది. అది కూడా షాకర్ కొత్తగా ఉంటేనే. డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగిన షాకర్‌లో ఆ పట్టు ముందే చాలా వరకు పోయి ఉంటుంది.

ఈ తప్పు నేను చేశాను. నా పాత హ్యాచ్‌బ్యాక్‌కు షాకర్లు మార్చకుండా లోయరింగ్ స్ప్రింగులు (కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులు) వేయించాను. పార్కింగ్‌లో చూస్తే ముచ్చటగా ఉండేది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద కూడా బాగానే అనిపించింది, అక్కడ రోడ్డు నున్నగా ఉంటుంది కాబట్టి. అనంతగిరి ఘాట్ మలుపుల్లో బండారం బయటపడింది. మలుపు మధ్యలో రోడ్డు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్న చోట ముందు భాగం రెండు మూడుసార్లు ఎగిరింది, కారు బయటి అంచు వైపు జరిగింది. పక్కన కూర్చున్న మా ఆవిడ డ్యాష్‌బోర్డు పట్టుకుంది. షాపులో అడిగితే 'కొన్నాళ్లకు సెట్ అయిపోతుంది అన్నా' అన్నారు. సెట్ కాలేదు. కొన్ని నెలలకే ముందు ఎడమ షాకర్ నుంచి ఆయిల్ కారింది. చివరికి షాకర్లూ మార్చాల్సి వచ్చింది, విప్పి బిగించే కూలీ రెండుసార్లు ఇచ్చాను, అలైన్‌మెంట్ కూడా రెండుసార్లు. ఈ పాఠాలు మొదలుపెట్టడానికి కారణం ఆ ప్రయాణమే.

దించడంలో ఇంకో సంగతి ఉంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. పోలో, స్విఫ్ట్, ఐ20 లాంటి కార్లలో ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాకర్ ఒకే చోట బిగించి ఉండే అమరిక), వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలను కలిపే దూలం) ఉంటాయి. కారు ముందు భాగాన్ని కింద నుంచి చూడండి. మామూలు ఎత్తులో లోయర్ ఆర్మ్ బాడీ దగ్గర కాస్త పైకి, చక్రం దగ్గర కాస్త కిందికి వాలి ఉంటుంది, లేదంటే దాదాపు అడ్డంగా ఉంటుంది. మరీ దించితే ఆ వాలు తిరగబడి, చక్రం వైపు చివర పైకి లేస్తుంది. అప్పుడు కారు మలుపులో ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, అంటే రోల్ సెంటర్, కారు దిగిన దానికన్నా ఎక్కువ కిందికి దిగిపోతుంది. బరువుకూ ఆ బిందువుకూ మధ్య దూరం పెరుగుతుంది. ఒరగడాన్ని తగ్గించడానికి దించితే, కారును ఒరిగించే బలమే పెరుగుతుంది. దాన్ని ఆపడానికి మరింత గట్టి స్ప్రింగ్ కావాలి, దానికి మరింత ఖరీదైన షాకర్ కావాలి. లోయర్ ఆర్మ్ అడ్డంగా ఉన్న గీత దాటకుండా చూసుకోండి. తక్కువ బడ్జెట్‌లో మీ హద్దు అదే.

బయటి కంపెనీల స్ప్రింగులు కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. బాక్స్ మీద 30 మిల్లీమీటర్లు అని ఉంటే అది యూరప్‌లో అమ్మిన కారు ఎత్తు నుంచి లెక్క కావచ్చు. మన రోడ్ల కోసం ఇక్కడ చాలా మోడళ్లను కొంత ఎత్తుగా తయారుచేస్తారు. అంటే మీ కారు రాసినదానికన్నా ఎక్కువే దిగొచ్చు. మీ కాగితం మీద అంకెలు పనికొచ్చేది ఇక్కడే.

మన స్పీడ్ బ్రేకర్ల సంగతీ మర్చిపోవద్దు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నమూనా ప్రకారం హంప్ 10 సెంటీమీటర్ల ఎత్తు, కారు వెళ్లే దిశలో 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. కాలనీల్లో సిమెంటుతో పోసినవి అంత వెడల్పు ఉండవు, నిటారుగా లేస్తాయి. ఎత్తు తగ్గించిన కారు నలుగురితో వాటిని ఎక్కిందంటే బంప్ స్టాప్‌కు (షాకర్ మరీ నొక్కుకోకుండా ఆపే అడ్డు) తగిలి 'ధడ్' మంటుంది. ఆ దెబ్బ నేరుగా స్ట్రట్ మౌంట్ (స్ట్రట్‌ను పైన బాడీకి బిగించే భాగం) మీద పడుతుంది.

స్ప్రింగులు కోయించడం మాత్రం వద్దు, ఎవరు చెప్పినా వద్దు. ఆరు చుట్ల స్ప్రింగులో ఒక చుట్టు తీసేస్తే 20 శాతం గట్టిపడుతుంది, కానీ కోసిన చివర దాని సీటులో సరిగ్గా కూర్చోదు. చక్రం కిందికి వేలాడినప్పుడు స్ప్రింగ్ వదులై పక్కకు జరగొచ్చు. రోజూ పిల్లల్ని ఎక్కించుకునే కారుతో అలాంటి పని చేయకండి.

అయితే ఏం కొనాలి? హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకు వెళ్తూ, నెలకోసారి వికారాబాద్ వైపో శ్రీశైలం ఘాట్‌కో వెళ్లేవాళ్లకు నా సలహా ఒకటే: కంపెనీ స్ప్రింగులు, కంపెనీ ఎత్తు అలాగే ఉంచి, మెరుగైన షాకర్లు వేయండి. బిల్‌స్టీన్ కంపెనీ షాకర్లలో బీ6 సరిగ్గా ఇందుకోసమే. బీ8 దించిన కార్లకు, దాని బాడీ పొట్టిగా ఉంటుంది. బీ4 కంపెనీ షాకర్‌కు సమానమైన మార్పిడి మాత్రమే. కోనీ స్పోర్ట్‌లో రీబౌండ్‌ను, అంటే స్ప్రింగ్ తిరిగి లేచేటప్పుడు ఆపే పట్టును, మనమే సర్దుకోవచ్చు. ఇవి బడ్జెట్ దాటితే, లేదా మీ మోడల్‌కు దొరకకపోతే, కారు కంపెనీవే కొత్త షాకర్లు నాలుగూ వేయించండి. అరిగిపోయిన వాటి నుంచి కొత్త వాటికి మారితే తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది.

మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండే షాకర్) కావాలా, ట్విన్‌ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండేది) కావాలా అని అడుగుతారు. మోనోట్యూబ్‌లో గ్యాస్‌నూ ఆయిల్‌నూ పిస్టన్‌తో వేరు చేస్తారు. ఆయిల్ నురగ రాదు, వేడి త్వరగా బయటికి పోతుంది. ఘాట్‌లో అది లాభమే. ట్విన్‌ట్యూబ్ చవక, రోజువారీ వాడకానికి చాలు.

కోయిలోవర్లు, అంటే ఎత్తు సర్దుకునే వీలున్న స్ప్రింగ్, షాకర్ సెట్లు, రేస్ ట్రాక్‌కు వెళ్లేవాళ్లకు మంచివి. చవక సెట్లు నేను సిఫారసు చేయను. వర్షాకాలం బురదకు ఎత్తు సర్దే మరలు పట్టేసుకున్నాయంటే, డబ్బు పోసి కొన్న ఆ సౌకర్యం ఇక లేనట్టే.

రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడిగినా, ఆన్‌లైన్‌లో చూసినా షాకర్ ధర ఒక్కటే అడగకండి. స్ట్రట్ మౌంట్, బేరింగ్, బంప్ స్టాప్, డస్ట్ బూట్ (షాకర్ రాడ్‌కు దుమ్ము తగలకుండా ఉండే తొడుగు), కూలీ, అలైన్‌మెంట్ అన్నీ కలిపి ఎంతవుతుందో అడగండి. పాత మౌంట్ మీద కొత్త షాకర్ వేస్తే స్టీరింగ్ తిప్పినప్పుడు టక్ టక్ శబ్దం అలాగే ఉంటుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. కంపెనీ ఎత్తు ఉంచమని చెప్పడానికి ఇదీ ఒక కారణం. ఏం మార్చినా ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి.

వచ్చే పాఠం బిగింపు గురించి. రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు గాలిలో ఉండగా కాకుండా, కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఎందుకు చివరిసారి బిగించాలో అందులో చూద్దాం. ఈలోపు ఒక పని. షాకర్ రాడ్ కనిపించేలా డస్ట్ బూట్ కొంచెం పైకి జరిపించి, రాడ్‌కు సన్నని జిప్ టై కట్టించి, షాకర్ బాడీ దాకా కిందికి నెట్టించండి. వారం రోజులు మామూలుగా తిరగండి. తర్వాత జిప్ టై ఎంత పైకి జరిగిందో కొలిచి, బంప్ స్టాప్ దాకా ఇంకా ఎంత చోటు మిగిలిందో అదే కాగితం మీద రాసుకోండి. చోటేమీ మిగలకపోతే మీ కారును దించడానికి వీల్లేదు.