ఓడ మోడల్‌కు బద్దలు అంటించే ముందు చూసుకోవాల్సినవి

కీల్‌కి, అంటే ఓడ అడుగున పొడవునా ఉండే వెన్నెముక లాంటి చెక్కకి, బల్క్‌హెడ్లు (అడ్డంగా నిలబెట్టే చట్రాలు) బిగించేశారు, ఇక వాటి మీద ఓడ ఒళ్లుగా సన్నటి చెక్క బద్దలు అంటించేద్దామని చేతులు దురద పెడుతున్నాయి కదా, ఫెవికాల్ డబ్బా కాసేపు పక్కన పెట్టండి.

ముందు బల్క్‌హెడ్ల అంచులు అరగదీయాలి. ఓడ నడుమ ఉన్నవాటితో పెద్దగా పని ఉండదు, ముక్కు (ముందు కొస) దగ్గరవి మాత్రం బాగా ఏటవాలుగా రావాలి, లేకపోతే బద్ద ఒక్క అంచు మీదే ఆనుతుంది. తిన్నటి చెక్కపేడుకి ఉప్పు కాగితం అంటించుకుని రెండు మూడు బల్క్‌హెడ్ల మీదుగా ఒకేసారి రుద్దండి, మధ్యమధ్యలో బద్ద ఆనించి చూస్తూ ఉండండి, కింద సందు కనబడకూడదు. ముక్కు దగ్గరి ఖాళీలో మెత్తటి చెక్క నింపి ఆకారం చెక్కితే బద్దకు ఆసరా ఉంటుంది. దానికి బాల్సా అనే తేలికపాటి చెక్కే కావాలని లేదు, విజయవాడ పక్కనే కొండపల్లిలో బొమ్మలు చేసే తెల్ల పొణికి కూడా తేలిగ్గా చాకుకు లొంగుతుంది.

ఇక లెక్క. నడిమి బల్క్‌హెడ్ అంచు వెంబడి డెక్ నుంచి కీల్ దాకా పేపర్ పట్టీ పెట్టి కొలవండి. 60 మిల్లీమీటర్లు వచ్చి, బద్ద వెడల్పు 5 అయితే 12 బద్దలు పడతాయి. ముక్కు దగ్గర అదే కొలత 36 ఉంటే ఆ పన్నెండూ అక్కడ 3 మిల్లీమీటర్లకు సన్నబడాలి. ప్రతి బల్క్‌హెడ్ మీదా ఇలా గీతలు పెట్టుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. అసలు వెడల్పులో సగానికంటే సన్నగా మాత్రం కోయొద్దు, మొన విరుగుతుంది. అంతకంటే సన్నబడాల్సి వస్తే రెండు బద్దలను కాస్త ముందే ఆపి, వాటి చోట ఒకటే ముక్కు దాకా పోనివ్వండి. వెనక వైపు దీనికి రివర్స్, చాలా ఓడల్లో అక్కడ ఖాళీ మిగులుతుంది, కోసుగా చెక్కిన చిన్న బద్ద దూర్చాలి.

వంపు కోసం వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, ఓడకే క్లిప్పులతో బిగించి, పూర్తిగా ఆరాకే అంటించండి. తడి మీద అంటిస్తే ఆరాక కుంచించుకుపోయి సందులు పడతాయి. మే ఎండల్లో త్వరగా ఆరుతుంది, వానాకాలంలో రాత్రంతా వదిలేయాలి. ఖరీదైన క్లాంపులు దేనికి, విజయవాడ బీసెంట్ రోడ్డులో దొరికే బట్టల క్లిప్పులు చాలు. బద్దను దాని మందం వైపే వంచండి; వెడల్పు వైపు పక్కకు లాగితే ఒక అంచు పైకి లేస్తుంది, ఎంత జిగురు పోసినా కూర్చోదు.

ఎడమ ఒకటి అంటిస్తే కుడి ఒకటి, లేదంటే కీల్ మెలి తిరుగుతుంది. బద్దలు రెండు పొరలుగా అంటించే కిట్ అయితే మొదటి పొర సందుల్లో రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి మెత్తి అరగదీసేయండి, పైపొర కింద ఎవరికీ కనబడదు.